సైకిలు పందెమునకు సాధన



సైకిలు మన పల్లెలకు క్రొత్త వస్తువు కాదు. పాలబిందెలను పట్టణమునకు మోసినదియు, పిల్లలను బడికి చేర్చినదియు, పొలముగట్టున చెట్టునకు చేరగిలి యజమానునికై వేచినదియు అదియే. అట్టి సైకిలుపై పోటీలకు దిగు యువకులును యువతులును లోకమున ననేకులు గలరు. పందెమనగా పణ మొడ్డుట యని తలపవలదు. ఇచట పందెమనగా వేగమున పోటీ, అంతియే. వేతనము గోరక, వేఱొక పనిచేసి జీవించుచు, వేడుకకొఱకు ఈ పోటీలకు పూనుకొనువానిని ఔత్సాహికు డందురు. నేటి ప్రసంగము అట్టివారి సాధనను గూర్చినది.

కొడుకో మనుమరాలో వేకువనే లేచి, సైకిలెక్కి, ముప్పది నలువది మైళ్లు పోయి, చెమటతో తడిసి తిరిగివచ్చినచో ఇంటిపెద్దలకు సాధారణముగా రెండు తలంపులలో నొకటి కలుగును. ఇది పనిలేని తిరుగుడని కొందఱు విసుగుకొందురు. ఇంత తిరిగినందులకు బహుమానము తెచ్చితీరవలెనని మఱికొందఱు పట్టుపట్టుదురు. మొదటివారు సాధనను అణచుదురు. రెండవవారు దానిని పాడుచేయుదురు. ఈ రెంటికిని నడుమ పెద్దలు చేయదగిన సాయ మొకటి గలదు. అది తెలియవలెనన్న, ముందుగా ఈ సాధన యెట్టిదో తెలియవలెను.

ఇందులకు ఇంగ్లండు దేశమును ఉదాహరణముగా గైకొందము. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున ఆ దేశపు రాదారులపై సైకిలువాండ్రు గుంపులుగా పందెములు పెట్టుకొనుచుండగా, గుఱ్ఱపుబండ్లవారు మొఱపెట్టిరి; పోలీసులు అడ్డగించిరి. సైకిలు సంఘములకు పెద్దయైన సమాఖ్యయే రాదారి పందెములను విడనాడెను. అపుడు 1895లో బిడ్లేకు అను నతడును, అతని సంఘమువారును ఒక యుపాయము పన్నిరి. అందఱు నొకమాఱే బయలుదేరరు. ఒక్కొక్క నిమిషము ఎడముగా ఒక్కొక్కరే బయలుదేరుదురు. ఒకరి వెనుక నొకరు చేరి గాలిచాటున పోగూడదు. ఎవరెంత కాలమున గమ్యమును చేరిరో గడియారమే చెప్పును. ఇతరుల కంటబడకుండుటకై వారు తెల్లవాఱుజామున నల్లని దుస్తులు తొడిగి పోయెడివారు. దీనిని మనము గడియారపు పందెమని పిలుచుకొందము. నేటికిని ఆ దేశమున నివి జరుగుచున్నవి. పది, ఇరువదియైదు, ఏబది, నూఱు మైళ్ల పందెములును, పండ్రెండు గంటలలో నెంతదూరము పోగలరను పందెమును గలవు.

ఈ పందెములలో పేరుగాంచినవారిలో బెరిల్ బర్టన్ అను నామెను ముఖ్యముగా చెప్పవలెను. ఆమె 1937లో యార్కుషైరు మండలమున, లీడ్సు నగరమున జన్మించెను. బాల్యమున కీళ్లవాతజ్వరము సోకి, అవయవములు స్వాధీనము తప్పి, తొమ్మిది నెలలు ఆస్పత్రిలో నుండెను. పిదప ఒక సంవత్సరమునకు పైగా వేఱొక ఊర నుండి కోలుకొనెను. కఠినమైన శ్రమ కూడదని వైద్యులు చెప్పిరి. 1955లో ఆమెను పెండ్లాడిన చార్లీ బర్టన్ సైకిలు ప్రియుడు. ఆయనయే ఆమెకు ఈ విద్య నేర్పెను. మొదటి యేట మిత్రులతో గూడి పోవునపుడు ఆమెను అప్పుడప్పుడు వెనుకనుండి చేయూతనిచ్చి నెట్టవలసివచ్చెడిదట. రెండవ యేట ఆమె వారితో సమానముగా పోయెను. మూడవ యేట వారి ముందు పోయెను. ఈ మూడేండ్ల లెక్కను పెద్దలు మనసున నుంచుకొన గోరెదను.

ఆమె జీవనోపాధి వ్యవసాయపు కూలిపని. మోర్లీ యను ఊర రూబార్బు తోటలో పనిచేసెను. రూబార్బు పుల్లని ఎఱ్ఱకాడలుగల మొక్క. ఆ కాడలను చక్కెరతో నుడికించి తిందురు. చలికాలమున దాని బరువైన వేరుగడ్డలను పొలమునుండి త్రవ్వి, చీకటికొట్టములకు చేర్చవలెను. ఆ తోట యజమానుడును ఇరువదినాలుగు గంటల సైకిలు పందెములలో గెలుపొందినవాడే. పగలు పాఱపట్టి, తక్కిన వేళల సైకిలు త్రొక్కి, బెరిల్ బర్టన్ 1959 మొదలు 1967 వఱకు ఏడుమాఱులు ప్రపంచ విజేతయయ్యెను. 1959 మొదలు 1983 వఱకు వరుసగా ఇరువదియైదేండ్లు తన దేశపు స్త్రీలలో గడియారపు పందెములన్నిటను మేటియన్న బిరుదు పొందెను. అయినను జీవితాంతము ఔత్సాహికురాలిగనే యుండెను.

1967 సెప్టెంబరు నెలలో జరిగిన పండ్రెండు గంటల పందెమున ఒక వింత జరిగెను. ఆమెకన్న ముందు బయలుదేరిన మైక్ మెక్‌నమారా అనునతడు ఆనాడు పురుషులలో అంతవఱ కెవరును పోని దూరము పోవుచుండెను. బెరిల్ అతనిని వెనుకనుండి వచ్చి అందుకొనెను. మౌనముగా దాటిపోవుటకు మనసొప్పక, జేబులోని అతిమధురపు మిఠాయిబిళ్ల నొకదానిని తీసి అతని కిచ్చి ముందునకు సాగెను. అతడును కృతజ్ఞతతో పుచ్చుకొనెను. నాడు ఆమె పోయిన దూరము 277¼ మైళ్లు, అనగా 446 కిలోమీటర్లకు పైమాట. మెక్‌నమారా పురుషులలో క్రొత్త రికార్డు నెలకొల్పియు ఆమెకు ముప్పాతిక మైలు తక్కువగా నిలిచెను. రెండేండ్లవఱకు ఏ పురుషుడును ఆమె దూరమును మించలేకపోయెను. స్త్రీలలో నది 2017 వఱకు, అనగా ఏబది యేండ్లు, నిలిచెను.

ఇట్టి సామర్థ్యము ఎట్లు వచ్చును? ఇందు మంత్రతంత్రము లేవియు లేవు. మన ప్రాంతములందు బండలాగు పందెమునకు ఎడ్లను పెంచు రైతులకు తెలిసిన సూత్రములే ఇచటను వర్తించును. మొదటిరోజుననే పెద్దబండను కట్టరు. ఉలవలు పెట్టకుండ పని చేయింపరు. పందెమునకు ముందురోజున అలసట కలిగింపరు.

మొదటి సూత్రము క్రమాభివృద్ధి. ఈ వారము త్రొక్కిన దూరముకన్న వచ్చువారము కొంచెమే పెంచవలెను. వారములోని దినములలో నెక్కువభాగము, ప్రక్కవానితో ఆయాసములేక మాటలాడగల వేగముననే పోవలెను. ఇట్లు నెలలకొలది చేయగా గుండె ఒక్కొక్క కొట్టుడునకు ఎక్కువ రక్తమును పంపనేర్చును. కండరములు ప్రాణవాయువును చక్కగా వినియోగించుకొనును. ఈ పునాది పడినపిదప వారమునకు రెండుదినములు మాత్రము గట్టి సాధన చేయవలెను. నాలుగైదు నిమిషములు వడిగా త్రొక్కి, అంతసేపు మెల్లగా పోయి, మరల వడిగా త్రొక్కుట. ఇట్లు నాలుగైదు పర్యాయములు చాలును. దినదినమును ప్రాణము పణముగా త్రొక్కువాడు ముందునకు పోడు, వెనుకకు పోవును.

రెండవ సూత్రము విశ్రాంతి. శ్రమచేసినపుడు దేహము బలపడదు, నలుగును. బలపడుట నిద్రలో, విశ్రాంతిలో జరుగును. కావున సాధకుడు వారమున కొకదినము సైకిలు ముట్టకుండుట సోమరితనము గాదు. ప్రొద్దున పడకమీదనే నాడి చూచుకొనుట మంచి యలవాటు. అది కొన్నాళ్లు వరుసగా ఎప్పటికన్న హెచ్చుగా నున్నను, నిద్ర పట్టకున్నను, చిన్నమాటకే కోపము వచ్చుచున్నను సాధన మితిమీఱినదని గ్రహించి తగ్గింపవలెను. ఇంటివారే ఈ గుఱుతులను ముందుగా కనిపెట్టగలరు.

మూడవది ఆహారము. గంటకు మించిన ప్రయాణమున దేహమునకు చక్కెర కావలెను. గంటకు ముప్పదినుండి అఱువది గ్రాములవఱకు చాలునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అరటిపండును, బెల్లపుముక్కయు అందులకు తగినవే. ఎండలో పోవువాడు నీటిలో చిటికెడు ఉప్పు కలుపుకొనవలెను. పందెమునాడు క్రొత్త తిండి యేదియు పరీక్షింపరాదు.

నాల్గవది సైకిలుపై కూర్చుండు తీరు. పెడలు క్రిందికి దిగియున్నపుడు మడమను దానిపై మోపినచో మోకాలు చక్కగా చాగవలెను. అదియే సీటునకు తగిన యెత్తు. సీటు మిక్కిలి తగ్గియున్నచో మోకాళ్లు చెడును. బరువుగా అదిమి మెల్లగా త్రొక్కుటకన్న, నిమిషమునకు ఎనుబది తొంబది చుట్లు తేలికగా త్రొక్కుట మేలు. వేగము రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగు రెట్లగును. దానిని గెలుచుటకు కావలసిన సత్తువ ఎనిమిది రెట్లగును. అందువలననే పోటీదారులు నడుము వంచి పోవుదురు. అందువలననే మొదటి మైళ్లలో ఉత్సాహముకొలది పరుగెత్తినవాడు చివరి మైళ్లలో కూలబడును. తన సత్తువను తూచి, దారి పొడవునను సమముగా పంచుకొనుటయే గడియారపు పందెమున నేర్వవలసిన గొప్ప విద్య.

ఇక ఉత్సాహము సంగతి. వందమంది పోటీపడినచో గెలుచున దొక్కడే. గెలుపే లక్ష్యమైనచో తొంబదితొమ్మండ్రు నిరాశపడవలెను. అట్లయ్యు ఈ క్రీడ నూఱేండ్లకు పైగా నిలిచినదన్న కారణ మేమి? గడియారపు పందెమున కడపటివానికిని తన కాలము తనకు తెలియును. నిరుడు ఇరువదియైదు మైళ్లకు ఒక గంట పదునైదు నిమిషములు పట్టినవానికి ఈ యేడు పండ్రెండు నిమిషములే పైబడినచో, ఆ మూడు నిమిషములు అతని స్వంత సంపాదన. దానిని ఎవరును తీసికొనలేరు. సాధకుడు ఒక చిన్న పుస్తకమున దినము, దూరము, కాలము వ్రాసికొనుచుండవలెను. మనసు క్రుంగినపుడు ఆ పుటలే ధైర్యము చెప్పును.

గెలుపుమీది మోహము గొప్పవారినిగూడ తొట్రుపడజేయును. 1976లో తన దేశపు రాదారి పందెమున బెరిల్ బర్టన్ ను ఆమె కూతురు డెనీసు ఓడించెను. బహుమానములు పంచు వేదికపై తల్లి బిడ్డచేయి పట్టుకొన నిరాకరించెను. అది క్రీడాధర్మము కాదని తరువాత తన గ్రంథమున తానే వ్రాసికొనెను. అపరిచితునకు మిఠాయి యిచ్చిన చేయియే కన్నకూతున కందకపోయెను. పోటీ ఇంటిలోనికి వచ్చినపుడు పెద్దలు ఎంత మెలకువతో నుండవలెనో ఇది తెలుపుచున్నది.

కావున పెద్దలకు నా మనవి యిది. పందెమునుండి వచ్చిన బిడ్డను "గెలిచితివా?" అని మొదట అడుగవలదు. "మునుపటికన్న నీ కాలమెట్లున్నది?" అని అడుగుడు. కోతలకాలమున, పరీక్షలకాలమున సాధన తగ్గింపుమని చెప్పుడు, మానుమని చెప్పవలదు. ఆడుపిల్ల ఈ విద్య కోరినచో, నలుగురేమనుకొందురోయని అడ్డుపడకుడు. చార్లీ బర్టన్ భార్యకు సైకిళ్లు బాగుచేసిపెట్టెను, పందెములకు తీసికొనిపోయెను, బిడ్డను కనిపెట్టెను. అట్టి సాయము వెనుక నుండబట్టియే ఆమె సత్తువ వెలికివచ్చెను.

సాధనకన్న ముందు వైద్యునిచేత గుండెను పరీక్ష చేయింపుడు. బాల్యమున కీళ్లవాతజ్వరము వచ్చినవారి విషయమున ఇది తప్పనిసరి. ఆ జ్వరము గుండె కవాటములను చెఱుపగలదు. బెరిల్ బర్టన్ 1996లో, ఏబదితొమ్మిదవ పుట్టినదినమునకు కొలదిరోజులముందు, ఆ వేడుకకు పిలుపులు పంచుటకై సైకిలుపై పోవుచు గుండె ఆగి మరణించెను. ఆమె పట్టుదల మనకు ఆదర్శము. వైద్యుని మాటను త్రోసిపుచ్చుటకు మాత్రము ఆమె కథను సాకుగా చూపరాదు.

చివరిమాట రాదారిని గూర్చి. బస్సులును లారీలును నిండిన పెద్దబాటపై సాధన చేయనీయకుడు. తెల్లవాఱిన పిదప, రద్దీ పెరుగకముందు, ఊళ్లనడుమ చిన్నబాటలపై పోవలెను. తలకు హెల్మెటు, ముందు వెనుకల దీపములు, పట్టుగల బ్రేకులు ఉండవలెను. టైర్లును గొలుసును బయలుదేరకముందే చూచుకొనవలెను. మంచి సైకిలు కొనిపెట్టు స్తోమత లేకున్నను చింతలేదు. ఉన్నదానిని శుభ్రముగ నుంచి, సీటు సరిచేసి, మూడేండ్లు ఓపికపట్టుడు. మొదటి యేట నెట్టవలసినవాడు మూడవ యేట ముందు పోవచ్చును. పోకపోయినను, తన దేహమును తాను ఏలుకొన నేర్చినవాడు, వేళకు లేచువాడు, ఓటమిని ఓర్చువాడు మీ యింట నుండును.