బందగీ జీవితం రాద్దాం రండి
(రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం అనగానే దొడ్డి కొమరయ్య పేరు వస్తుంది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుండుకు ఆయన నేలకొరిగాడు. దానికి ఆరేళ్ల ముందే, అదే విసునూరు దొరను ఎదిరించి ప్రాణమిచ్చిన రైతు ఇంకొకాయన ఉన్నాడు. కామారెడ్డిగూడెం షేక్ బందగీ. ఆయన జీవితాన్ని ఒక చిన్న పుస్తకంగా రాయాలని మనం పూనుకున్నాం. ఆ పని ఎట్లా చేయాలో, ఎందుకు చేయాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

బందగీ గురించి పుస్తకాల్లో దొరికేది తక్కువ. ఇంటివాళ్ల మధ్య భూమి తగాదా వచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అందులో చెయ్యి పెట్టాడు. ఆ దొర చేతిలో అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలు ఉన్నాయని చెబుతారు. అంతటివాడు ఎదురు నిలిచినా బందగీ భూమి వదల్లేదు, కోర్టుకు పోయాడు. కోర్టులో న్యాయం ఆయన వైపే నిలిచింది. 1940 జులై 27న దొర గూండాలు ఆయన్ని దారి కాచి నరికి చంపారు. జనగామ–సూర్యాపేట రోడ్డు పక్కన సమాధి ఉంది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకానికి ఆయన పోరాటమే ప్రేరణ.

అంటే ఎట్లా చచ్చిపోయాడో అందరూ రాశారు. ఎట్లా బతికాడో రాయాల్సింది మనం. దానికి మూడు చోట్ల వెతకాలి.

మొదటిది కాగితం. నిజాం కాలంలో రెవెన్యూ, కోర్టు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో నడిచాయి. ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దలు ఊరికొకరు కూడా మిగల్లేదు. ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని ఇప్పుడే చదివించుకోవాలి. ముందు సర్వే నంబరు పట్టుకోవాలి. మనుషుల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా రాస్తారు, నంబరు చేతిలో ఉంటే దారి తప్పం. సేత్వార్‌లో మొదటి పట్టా ఎవరిదో తెలుస్తుంది. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారు ఎవరో, సాగు చేసేది ఎవరో వేర్వేరు కాలమ్‌లలో ఉంటుంది. బందగీ పోయిన పద్నాలుగేళ్లకు ఆ భూమి ఎవరి నాగలి కింద ఉందో ఆ కాలమే చెప్పాలి. తహసీల్ ఆఫీసులో నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు కూడా మన జట్టు పోవాలి.

రెండోది మనుషుల నోటి మాట. పెద్దల దగ్గర చావు సంగతితో మొదలుపెట్టకండి. ఏం పంట వేసేవాళ్లు, నీళ్లు ఎట్లా పారేవి, వాయిదాకు పోయిన రోజు పశువులను ఎవరు చూసేవాళ్లు, వకీలు ఫీజు ఎట్లా కట్టేవాళ్లు అని అడగండి. ఆడవాళ్లను తప్పకుండా అడగండి, ఇంటి కష్టం వాళ్లకే తెలుస్తుంది. ఎవరు చెప్పారో, వాళ్లకు ఎవరు చెప్పారో రాసుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. మనకు నచ్చినదాన్ని కలపొద్దు.

మూడోది నేల. పొలం గట్టు, బాయి, బండ్లబాట కాలినడకన తిరిగి చూడాలి. కామారెడ్డిగూడెం నుంచి జనగామ కోర్టుకు ఎంత దూరమో నడిస్తే ఒంటికి తెలుస్తుంది.

ఇంకో మాట. బందగీని సంఘం నాయకుడిగా చూపించొద్దు. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాతే సంఘం ఊరూరా పాకింది. ఆయన పోరాడిన నాటికి వెనక అంత జనం లేరు. చేతిలో కాగితం ఉండీ, పక్కన మనుషులు లేక ప్రాణం పోయింది. మనకు పాఠం అక్కడే ఉంది.

ఈ పని ఇప్పుడెందుకు అని కొందరు అడుగుతున్నారు. 2020లో ధరణి తెచ్చినప్పుడు సాగుదారు కాలమ్ తీసేశారు. పట్టా ఉన్నవాడే రైతు అయ్యాడు. 2018లో వచ్చిన రైతు బీమా కూడా పట్టాదారులకే. కౌలు రైతు ఉరి వేసుకుంటే, ఆయన రైతేనని రుజువు చేయడానికి భార్య ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తోంది. ఎనభై ఏళ్ల కింద చనిపోయిన బందగీ కోసం వెతకడానికి మనకు పాత పహాణీ ఉంది. నిరుడు మన ఊర్లో పోయిన కౌలు రైతు కోసం రేపు ఎవరైనా వెతికితే ఏ కాగితం ఉంటుంది?

అందుకే ప్రతి గ్రామ కమిటీ రెండు పనులు చేయాలి. ఇంట్లో పెట్టెల్లో ఉన్న పాత పట్టాలు, రసీదులు, కోర్టు నకళ్లు ఫోటో తీసి సంఘం ఆఫీసుకు పంపండి, అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. ఈ వానకాలం మీ ఊర్లో ఎవరి భూమి ఎవరు దున్నుతున్నారో, ఎన్ని ఎకరాలు, ఎంత కౌలు, సర్వే నంబరుతో సహా ఒక నోటుబుక్కులో రాయండి. పంచాయతీ పెద్దలతో సంతకం చేయించండి. వచ్చే నెల సమావేశానికి ఆ బుక్కు తీసుకుని రండి.