కూరగాయల వరుగులు – ఇంటి చిరుతిండి
పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము



పంచాయతీ సమావేశములలో మీరు వీధి దీపములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు చర్చించుచుందురు. వరుగులను గూర్చి చర్చించిన పంచాయతీ ఎక్కడనైన కలదా యని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. కాని 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలును ఒకమారు చూడుడు. అందలి 29 విషయములలో ఆహార పదార్థముల తయారీతో కూడిన చిన్న పరిశ్రమలు ఒకటి. స్త్రీ శిశు అభివృద్ధి మరియొకటి. కనుక ఇది మీ పనియే.

రాయలసీమలో టొమాటో ధర కిలో ఒకటి, రెండు రూపాయలకు పడిపోయి, పత్తికొండ, మదనపల్లె ప్రాంతముల రైతులు పంటను రోడ్డు ప్రక్కన పారబోసిన సంవత్సరములు మనకు తెలియనివి కావు. బెండ, గోరుచిక్కుడు, కాకర పండించువారికిని ఇట్టి కష్టము తప్పుట లేదు. ఒక వంక కాయలు కుళ్ళుచుండగా, మరియొక వంక అదే ఊరి బడి ముందరి కొట్టులో పిల్లవాడు ఐదు రూపాయలిచ్చి ఉప్పు, నూనె నిండిన చిప్సు పొట్లమును కొనుచున్నాడు. ఆ పొట్లములో సగము గాలియే! ఊరి డబ్బు ఊరు దాటుచున్నది. పిల్లవాని ఆకలి చెడుచున్నది.

దీనికి మన అవ్వలు ఎరిగిన ఉపాయము వరుగు. బెండ, కాకర, దొండ, వంకాయ, గోరుచిక్కుడు, పచ్చిమామిడి – అన్నియు వరుగునకు పనికివచ్చును. లేత కాయలనే తీసికొనవలెను. ముదిరిన బెండ ఎండిన పిమ్మట పీచుగానే మిగులును.

కాయలను కడిగి, తుడిచి, రూపాయి నాణెమంత మందమున చక్రములుగా తరుగవలెను. మందము హెచ్చినచో లోపల తడి నిలిచి బూజు పట్టును. మరీ పలుచనైనచో గుడ్డకు అంటుకొనును. గోరుచిక్కుడును కొనలు త్రుంచి, మరుగు నీటిలో రెండు మూడు నిమిషములుంచి, వెంటనే తీసి నీరు వార్చవలెను. ఇట్లు చేసిన రంగు, రుచి చెడవు. కాకర ముక్కలను పుల్లని మజ్జిగలో గంట సేపు నానవేసి పిండినచో చేదు కొంత తగ్గును.

ఇక ఉప్పు. ఇచ్చటనే చాలమంది పొరబడుచుందురు. బెండ, కాకర వంటి కాయలలో నూటికి సుమారు 90 పాళ్ళు నీరే. 10 కిలోల ముక్కలు ఎండిన పిమ్మట కిలోకు కొంచెము మించి మాత్రమే మిగులును. నీరు పోవును గాని ఉప్పు పోదు. పచ్చి ముక్కలపై చప్పగా తోచిన ఉప్పు ఎండిన వరుగులో ఇంచుమించు పదింతలు చిక్కనగును. పెద్దవారికే దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కనుక ఎండబెట్టునప్పుడు చిటికెడుతో సరిపెట్టి, తినునపుడు కావలసినచో కొంచెము చల్లుకొనుట మేలు.

మాఘ, ఫాల్గుణ మాసముల ఎండ ఇందులకు అనుకూలము. మంచముపై శుభ్రమైన గుడ్డ పరచి, ముక్కలను ఒంటిపొరగా పోసి, పైన పలుచని వస్త్రము కప్పవలెను. ప్రొద్దుగ్రుంకక మునుపే ఇంటిలోనికి తేవలెను. లేనిచో మంచు పగటి ఎండ ఫలమును హరించును. మూడు నాలుగు దినముల తరువాత ముక్కను వంచినచో ఫట్టున విరుగవలెను. వంగినచో ఇంకను ఎండవలెను. గాలి చొరని డబ్బాలో పోసి, వారము తరువాత మూత తీసి చూడవలెను. బూజు కనబడినచో వానిని మరల ఎండబెట్టరాదు, పారవేయవలెను. బూజు విషము ఎండకును, వేపుడుకును లొంగదు.

తినునపుడు ఇనుప మూకుడులో చెంచా నూనె పట్టించి, సన్నని సెగపై వేపినచో చాలును. బంగాళాదుంప, అరటి, కంద ముక్కలను బంగారు వన్నె రాగానే దింపవలెను. పిండిపదార్థములను మాడ్చినచో అక్రిలమైడు అను హానికర పదార్థము హెచ్చునని 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒకమారు పొగలు గ్రక్కిన నూనెను మరల వాడరాదు.

ఒక మాట దాచరాదు. ఎండలో సి విటమిను చాలవరకు నశించును. పీచు, ఖనిజములు నిలుచును. కనుక వరుగు చిప్సు పొట్లమునకు బదులే గాని తాజా కూరకు బదులు కాదు. గట్టి ముక్కలు గొంతున అడ్డుపడవచ్చును గనుక పసిపిల్లలకు వీనిని ఈయరాదు.

ఇంతవరకు ఇల్లాండ్ర పని. పంచాయతీ పని ఏదన, స్థలము చూపుట. నేడు అనేక గ్రామములలో ఎండబెట్టుటకు చోటు లేక స్త్రీలు తారు రోడ్డుపైననే పోయుచున్నారు. లారీల దుమ్ము, కోళ్ళు, కుక్కలు – ఆ తిండి ఎంత ఇంటిదైనను ఆరోగ్యకరమెట్లగును? పంచాయతీ కార్యాలయపు డాబా ఏడాది పొడుగునను ఖాళీగా పడియుండును. దానిని కడిగించి, పిట్టగోడ సరిచేయించి, నాలుగు దోమతెర చట్రములు చేయించినచో మహిళా సంఘమువారు వంతులవారీగా వాడుకొందురు. దాపున చెత్త తగులబెట్టకుండ చూచుట కూడ మీ చేతిలోనిదే.

మొదటి ఏటనే అమ్మకమునకు దిగుట నా అభిప్రాయమున తొందరపాటు. ముందు మన పిల్లలు తినవలెను. పిమ్మట అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద నమోదు చేయించుకొని, పొట్లముపై తయారైన తేదీ వేయవలెను.

మాఘమునకు ముందు జరుగు సమావేశపు పట్టికలో డాబా విషయము చేర్చుడు. మెట్ల తాళపుచెవి ఎవరి యొద్ద నుండవలెనో ఆ తీర్మానములోనే వ్రాయుడు. ఇట్టి పనులు సాధారణముగా అచ్చటనే ఆగిపోవుచుండును.