పొరుగుదేశపు చదువు – మన వాకిలి

(బొంతపల్లి గ్రామసభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



వీరభద్రస్వామి సన్నిధి నున్న ఈ గ్రామమున విశ్వవిద్యాలయములను గూర్చి మాటలాడుటకు నేను వచ్చుచున్నానని విని, దారిలో ఒక పెద్దమనిషి నన్నాపి, “వకీల్ సాబ్, మా పిల్లలు మందుల కంపెనీ గేటుకాడ నిలబడుటకే దినము గడచుచున్నది. దేశదేశాల చదువు మాకెందుకు?” అని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ చదువు ఇదివరకే మన యిండ్లలో ప్రవేశించినది. తనఖా పత్రముల రూపమున ప్రవేశించినది.

నా వృత్తిలో అట్టి పత్రములు నేను పెక్కు వ్రాసితిని. ఉన్న రెండెకరములు కుదువపెట్టి కుమారుని అమెరికాకు పంపిన రైతు ఒకడు, సంతకము చేయుచు, “అది మంచి కాలేజేనా సారూ?” అని నన్నడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, “మంచిదే యుండును” అంటిని. చదువుకొన్న వాడనన్న నమ్మకముతో ఆయన వ్రేలు కదిలినది. ఆ మాట నేటికిని నన్ను వెన్నాడుచున్నది.

2011 జనవరిలో కాలిఫోర్నియాయందలి ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును అచ్చటి ప్రభుత్వము మూయించినప్పుడు దిక్కుతోచక వీధిన బడిన విద్యార్థులలో పెక్కుమంది తెలుగువారు. కొందరి కాళ్ళకు ఆనవాలు పట్టు యంత్రములు తగిలించిరి. 2019లో వెల్లడియైన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయపు కథ మరింత వింత. మిషిగన్ రాష్ట్రమున ఆ పేర నిజమైన విద్యాలయమే లేదు. వలసచట్టము నతిక్రమించువారిని పట్టుటకు అమెరికా ప్రభుత్వమే పన్నిన వల యది. అందు పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. తెలిసి చేరినవారు కొందరుండవచ్చును. తెలియక చేరినవారి తండ్రుల యప్పునకు వడ్డీ యాగదు గదా!

పోవుటయే గాని వచ్చుట లేని త్రోవను అంతర్జాతీయ విద్య యందుమా? మన నేలకు వచ్చుటయు నొకనాడుండెను. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకుల కాలమున, నాగార్జునకొండయందు సింహళ భిక్షువులకు ప్రత్యేకముగ విహారముండెను. బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనమున కాశ్మీర, గాంధార, చీన, యవన దేశములకు ధర్మము బోధించిన సింహళ స్థవిరుల ప్రశంస గలదు. ఆ లోయ నేడు సాగరజలములలో మునిగియున్నది.

అంత దూరమేల? మన పటాన్‌చెరువునందు 1972లో ఇక్రిసాట్ సంస్థ వెలసినది. నల్లరేగడియు ఎఱ్ఱనేలయు ఒక్కచోటనే దొరకుట ఆ స్థల మెన్నికకు ఒక కారణము. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగ — మన తాతలు తిన్న పంటలివి! వీనిని గూర్చి నేర్చుకొనుటకు ఆఫ్రికా ఖండము నుండి శాస్త్రజ్ఞులును విద్యార్థులును మన జిల్లాకు వచ్చుచున్నారు. మెట్టసేద్యమున మనకు చెప్పదగిన విద్య యున్నదని లోకము గుర్తించినది; మనము మాత్రము ఆ ప్రహరీగోడను రహదారి మీది బస్సులోనుండి చూచి పోవుచున్నాము. మరి కందిలోని ఐఐటి? 2008లో ఎద్దుమైలారమున తాత్కాలికముగ మొదలైన ఆ సంస్థకు జపాను రుణసహాయమున కొన్ని భవనములు లేచినవి. ఇచ్చటి పట్టభద్రులు విద్యార్థివేతనముతో ఆ దేశమున పైచదువులు చదివిరి. ఇందు ఇచ్చిపుచ్చుకొనుట యున్నది. తండ్రి పొలము కదలలేదు.

2023లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, విదేశ విశ్వవిద్యాలయములు మన దేశమున శాఖలు తెరచుటకు నిబంధనలు చేసినది. వానిని నేను వకీలుగ చదివితిని. ప్రవేశపద్ధతియు రుసుమును ఆ సంస్థలే నిర్ణయించుకొనవచ్చును. రుసుము న్యాయముగ నుండవలెనని మాత్రము అన్నారు. ఏది న్యాయము? బొంతపల్లి కూలివాని కొలతయా, లండను వర్తకుని కొలతయా? మిగిలిన ధనమును చట్టానుసారముగ స్వదేశమునకు పంపుకొనుటకును వీలున్నది. వారు వచ్చుట కాదనను. మన పిల్లలు విమానమెక్కనక్కరలేకయే మంచి గురువు దొరకిన సంతోషమే. కాని గేటు లోపల పరదేశ విద్య, గేటు బయట మన పిల్లలు — ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. కంపెనీల చెంత నిత్యము చూచుచున్నదే.

వెళ్ళదలచిన బిడ్డలను ఆపుమని నేననను. అంబేడ్కర్ పేరను, ఫూలే పేరను మన ప్రభుత్వము పెట్టిన విదేశ విద్యానిధులు 20 లక్షల రూపాయల వరకు సాయము చేయుటకు ఏర్పడినవి. నా యొద్దకు పత్రము వ్రాయించుకొనవచ్చినవారిలో ఆ సంగతి యెరిగినవారు అరుదు. ఎరిగియుండి నేను ముందుగ చెప్పకపోవుటయు నా తప్పే. ఇక మీదట పొలము కాగితము తెచ్చినవారి కళాశాల వివరములు, గుర్తింపు సంగతి నాలుగు దినములు విచారించిన పిమ్మటనే కలము పట్టుదును. దానికి రుసుము తీసికొనను.

ఈ బల్లమీద ఒక విన్నపము వ్రాసి యుంచితిని. తెలంగాణమున శాఖ తెరచు ప్రతి విదేశ విద్యాలయమును, తానున్న జిల్లా పేదబిడ్డలకు రుసుము లేని స్థానములు కొన్ని కేటాయించవలెనని. ఇక్రిసాట్, ఐఐటులలోని పరదేశ విద్యార్థులు నెలకొకమారు మన పాఠశాలలకు వచ్చుటకును, మన పిల్లలు అచ్చటికి పోవుటకును ఏర్పాటు చేయవలెనని అందు కోరితిని. మొదట గట్టిగ చదివి వినిపించెదను. అర్థము కానిచోట నన్నాపి యడుగుడు. సంతకము ఆ తరువాత.