రెంటచింతల ఎండకు సరిపోయే కార్డు



కోటప్పకొండ నీడన పట్టభద్రులైన మీతో మాట్లాడుతున్నాను. నాకు బాగా తెలిసింది గ్రాఫిక్స్ కార్డును చల్లబరిచే పని. దాని గురించే చెబుతాను.

2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు రెండు కిలోల పైనే తూగుతుంది. లెక్కలు చేసే చిప్ మాత్రం 6 చదరపు సెంటీమీటర్లు. కార్డు తీసుకునే 450 వాట్లూ చివరికి వేడే. ఆ వేడిని మోసే రాగి, అల్యూమినియం రెక్కలు, ఫ్యాన్లదే బరువులో ఎక్కువ భాగం. చిప్‌ను ఆనుకుని ఉండే వేపర్ ఛాంబర్ నాకు ఈరోజుకీ అబ్బురమే. పల్చని రాగి డబ్బాలోంచి గాలి తీసేసి కాసిని నీళ్లు వదులుతారు. లోపల పీడనం చాలా తక్కువ కాబట్టి ఆ నీరు 100 డిగ్రీల దాకా ఆగకుండా ముందే మరుగుతుంది. ఆవిరి చల్లని వైపు వేడి వదిలి, నీరై, గోడల్లోని సన్నని రాగి పొర గుండా మళ్లీ చిప్ దగ్గరికి చేరుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. కొలత మాత్రం తప్పకూడదు. ఏఎమ్‌డీ 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డులు కొన్నింటిలో నీరు చాలక చిప్ 110 డిగ్రీలకు చేరింది.

ఇంత బరువు కేబినెట్‌లో అడ్డంగా, ఒక చివరే స్క్రూలతో నిలుస్తుంది. రెండో చివర కుంగుతుంది, కింద ఊతం పెట్టాలి. శివరాత్రికి కోటప్పకొండకు కావూరు, పురుషోత్తమపట్నం ఎత్తైన ప్రభలను మోకులు పట్టి నడిపించే మీవాళ్లకు బరువు ఎటు ఒరుగుతుందో ఎవరూ నేర్పనక్కర్లేదు.

2025 నాటి 5090 ఏకంగా 575 వాట్లు తీసుకుంటుంది, అయినా దాని కంపెనీ సొంత నమూనా పలచబడింది. సర్క్యూట్ బోర్డును నడుమకు కుదించి, రెండు పక్కలా గాలి నేరుగా దూసుకుపోయేలా చేశారు. ఈ మధ్య నేను చూసిన వాటిలో ఇంత ధైర్యమైన డిజైన్ మరొకటి లేదు.

అసలు విషయానికొస్తాను. ఏ ఫ్యాన్ అయినా గదిలో ఉన్న గాలినే విసురుతుంది. చిప్ హద్దు 90 డిగ్రీలు అనుకోండి. 25 డిగ్రీల గదిలో మనకు 65 డిగ్రీల వెసులుబాటు. మే నెలలో రెంటచింతలలో, ఏసీ లేని గదిలో, 43 డిగ్రీలుంటే మిగిలేది 47. అదే కార్డు, అదే ధర, పని మాత్రం తగ్గుతుంది. వేడెక్కిన చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది మరి.

పైగా దుమ్ము. రెక్కలు ఎంత దగ్గరగా పేరిస్తే అంత ఎక్కువ ఉపరితలం, అంత త్వరగా పూడిక కూడా. పిడుగురాళ్ల సున్నపు దుమ్ము, పత్తి మిల్లుల నూగు ఆ సందుల్లో ఎన్నాళ్లకు పేరుకుంటాయో ఇక్కడే కొలవాలి. వేసవిలో మీ ఊళ్లోనే ఒక కార్డును నడపండి. గది వేడి, చిప్ వేడి, ఫ్యాన్ వేగం రోజూ రాసిపెట్టండి. రెక్కల మధ్య సందు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి మాలాంటి వాళ్లకు కావలసినవి ఆ అంకెలే.