లోపలివాళ్లకూ ఓ గుప్పెడు

(ఆదివారం పూజ తరువాత మన హాల్లో జరిగిన ఆరోగ్య కార్యక్రమంలో చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున ఇక్కడ ఇస్తున్నాము.)

నేను డాక్టర్ని కాను, డైటీషియన్నీ కాను. మీలో చాలామంది నన్ను వంటగదిలో గిన్నెలు కడుగుతూనో, పండగల రోజు పార్కింగ్ దగ్గర కార్లకు దారి చూపిస్తూనో చూసి ఉంటారు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మరి ఈ విషయం నాకెందుకంటే, పోయిన ఏడాది రక్తపరీక్షలో నా ఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. మా నాన్నగారికి యాభై దాటాక వచ్చిన షుగర్, నన్ను ముప్పైల్లోనే వెతుక్కుంటూ వచ్చింది.

"మేం శాకాహారులం కదండీ, రోజూ పప్పూ కూరా తింటాం" అన్నాను డాక్టరుగారితో. ఆవిడ నవ్వి, "ఒక వారం పాటు తిన్నవన్నీ రాసి, పీచు ఎంతుందో లెక్క వేయండి" అన్నారు. స్ప్రెడ్‌షీట్ అంటే మనకు వెనకడుగు ఉండదు కదా, తెరిచాను. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం బాక్సులో సాంబారన్నం, పెరుగన్నం, సాయంత్రం టీతో బిస్కెట్లు, రాత్రి మళ్లీ అన్నం, చారు. సగటున రోజుకు 13 గ్రాముల పీచు తేలింది. ఇక్కడి ఆహార ప్యాకెట్ల లేబుళ్లు రోజుకు 28 గ్రాములను ప్రమాణంగా తీసుకుంటాయి. ఒక కప్పు తెల్లన్నంలో ఉండేది గ్రాము కన్నా తక్కువ. నేను తింటున్నది శాకాహారమే, కానీ అందులో శాకాలు తక్కువ. అంతా బియ్యం, రవ్వ, మైదా.

పీచు అంటే విరేచనం సాఫీగా అవడానికి అని మాత్రమే అనుకునేవాణ్ణి. దాన్ని మన శరీరం అరిగించుకోలేదన్న మాట నిజమే. కానీ మన పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురముంటున్నాయి. వాటికి అదే భోజనం. పిండి రాత్రంతా పులిసినట్టే, అక్కడ పీచు పులుస్తుంది. అప్పుడు బ్యుటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం బ్యుటిరేటే. ఈ ఆమ్లాలే పేగు గోడకు సంకేతం ఇచ్చి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలకు తోడ్పడతాయి. అది ఇన్సులిన్‌కు సాయపడుతుంది, ఆకలిని తగ్గిస్తుంది. ఇప్పుడు అందరి నోటా వినపడే ఓజెంపిక్ పనిచేసేది ఈ హార్మోన్‌ను అనుకరించే. అలాగని గుగ్గిళ్లు తింటే ఇంజెక్షన్ మానెయ్యొచ్చని కాదు. మందు బలం వేరు.

మరి వాటికి భోజనం పెట్టకపోతే? 2016లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, పీచు లేని తిండి పెడితే, కొన్ని బ్యాక్టీరియా పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. ఇంట్లో బియ్యం అయిపోతే గోడలు కొరుక్కు తిన్నట్టు!

2018లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఆగ్నేయాసియా నుంచి అమెరికా వచ్చిన హ్మాంగ్, కరెన్ కుటుంబాలను పరిశీలించారు. వచ్చిన కొద్ది నెలల్లోనే, పీచును అరిగించే పాత బ్యాక్టీరియా తగ్గడం మొదలైంది. ఇక్కడే పుట్టిన పిల్లల్లో ఆ వైవిధ్యం ఇంకా తక్కువ. వాళ్లు మనవాళ్లు కారు. కానీ వలస కథ మనదే. మన సంగతికొస్తే, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లోని దక్షిణాసియావాళ్ల మీద చేసిన మసాలా అనే అధ్యయనంలో నలభై దాటినవారిలో 23 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. తెల్లవారిలో అది 6 శాతం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, పీచు ఒక్కటే కాదు. కానీ మన చేతిలో ఉన్నవాటిలో అదొకటి.

మంచి మాట కూడా ఉంది. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో పిట్స్‌బర్గ్‌లోని ఆఫ్రికన్ అమెరికన్లకు, దక్షిణాఫ్రికా పల్లెవాసులకు రెండు వారాలు తిండి తారుమారు చేశారు. పీచు ఎక్కువ తిన్న పిట్స్‌బర్గ్ వాళ్లలో బ్యుటిరేట్ తయారీ రెండింతలు దాటింది. రెండే వారాల్లో!

ఇక మన గుడి సంగతి. ఆదివారం మన పళ్లెంలో పులిహోర, చక్కెర పొంగలి, దద్ధ్యోజనం ఉంటాయి. మూడూ బియ్యమే. ఈ మాట వంటగదిలో అంటే, ఒక పెద్దావిడ గరిటె ఆపి, "ప్రసాదంలో లెక్కలేమిటి నాయనా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. కాసేపటికి ఆవిడే, "నవరాత్రుల్లో మా అమ్మ రోజుకో రకం గుగ్గిళ్లు చేసేది, అదీ ప్రసాదమే కదా" అన్నారు. నా స్లైడ్లన్నీ కలిపి చెప్పలేనిది ఆ ఒక్క మాట చెప్పింది.

కాబట్టి నా మనవి ఇది. స్వామి నైవేద్యం ఎప్పటిలాగే ఉంటుంది. తరువాతి భోజనం వరుసలో మాత్రం ముందుగా గుగ్గిళ్ల గిన్నె పెడదాం. ఒక వారం సెనగలు, ఒక వారం అలసందలు, ఒక వారం పెసలు. కప్పు ఉడికిన కాబూలీ సెనగల్లో సుమారు 12 గ్రాములు, అలసందల్లో 11 గ్రాముల పీచు ఉంటుంది. అలసందలు ఇక్కడ ఏ వాల్‌మార్ట్‌లోనైనా దొరుకుతాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల వాళ్లు కొత్త సంవత్సరం రోజున అదృష్టం కోసం తినేవి అవే.

ఒక జాగ్రత్త. రేపటినుంచే రెండింతలు తినకండి. నేను అలాగే చేసి, మర్నాడు ఆఫీసు మీటింగులో కడుపుబ్బరంతో అవస్థపడ్డాను. వారానికి కొంచెం చొప్పున పెంచండి, నీళ్లు బాగా తాగండి. షుగర్ మందులు వాడేవారు, కిడ్నీ, పేగు సమస్యలున్నవారు ముందు డాక్టరును అడగండి.

ఎనిమిది నెలల తరువాత నా ఏ1సీ 5.8. సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను, కాబట్టి ఘనతంతా సెనగలదే అనను. ఇంకా గీత దాటలేదు కూడా.

ఇంటికి ఎవరొచ్చినా తినకుండా పంపం మనం. పుట్టినప్పటినుంచీ మనతోనే ఉన్న ఈ లోపలివాళ్లను మాత్రం పస్తు పెడుతున్నాం. వచ్చే ఆదివారానికి సెనగలు శనివారం రాత్రే నానబెట్టాలి. ఇద్దరు ముగ్గురు చేయి కలిపితే చాలు, బయట బల్ల మీద పేర్లు రాయండి. గిన్నెలు నేను కడుగుతాను.