బాడుగ గానుగ, సొంత గానుగ

చిత్తూరు నుండి పలమనేరు పోవు దారిలోనున్న బంగారుపాళ్యము ప్రాంతమున నేడు మామిడితోటలు పెరిగి, చెఱకు తగ్గినది. అయినను చెఱకు నాటి బెల్లము వండు రైతులు లేకపోలేదు. "ఏటేటా బాడుగ పోయుట కంటె, అప్పు చేసియైనను గానుగ కొనరాదా?" అని వారిలో కొందఱు మమ్ము అడుగుచుందురు. కొనవచ్చును. కాని కొనదలచిన గానుగ వంటిదానినే ఒక పంటకు బాడుగకు తెచ్చి, ఆడించి చూచిన పిమ్మట కొనుట మేలని మా అభిప్రాయము.

ఇది క్రొత్త మాట కాదు. 1870 తరువాతి సంవత్సరములలో బీహారునందలి బిహియాలో థామ్సన్, మిల్న్ అను ఇరువురు ఇనుప రోలర్ల గానుగను తయారుచేసిరి. అంతకు ముందటి రోకటి గానుగలలో చెఱకును ముక్కలుగా నఱికి వేయవలసి యుండెడిది. ఇందులో గడను గడగానే పెట్టవచ్చును. వారు దానిని రైతులకు బాడుగకిచ్చిరి. కొను శక్తి లేని రైతు సైతము దాని పనితనమును తన చెఱకు మీదనే చూచుకొనగలిగెను.

మీరును అట్లే చూడుడు. వంద కిలోల చెఱకు తూచి ఆడించి, రసమును తూచుడు. 60 కిలోలకు అటు నిటుగా వచ్చినచో మంచి గానుగయే. 55 మాత్రమే వచ్చినచో, టన్నుకు 50 కిలోల రసము పిప్పిలో పోయినట్లు. బెల్లముగా లెక్కించిన సుమారు 8 కిలోలు. ఎకరమునకు 30 టన్నులు పండించు రైతునకు అది 240 కిలోల బెల్లము! పైగా ఆ పిప్పియే మన పొయ్యికి వంటచెఱకు. (ఈ మాట ఇచ్చట అక్షరాల నిజము.) తడిపిప్పి త్వరగా ఎండదు, ఎండనిచో పొగయే గాని మంట యుండదు. అమ్మువాడు రోలర్లను బిగించియే చూపును. ఆ బిగువుతో మీ మోటారు, కరెంటుండు గంటలన్నియు లాగగలదా యనునది మీ పొలముననే తెలియవలెను.

బాడుగ సొమ్ము కంటె వంతు కొఱకు వేచియుండుటయే రైతునకు పెద్ద బాధ. కోసిన చెఱకును ఒక దినములోపల ఆడింపకున్న తీపి తరుగును. కావున ఎన్ని దినములు వేచితిరో వ్రాసిపెట్టుకొనుడు. ఆ నష్టము అప్పు వాయిదాను మించినచో కొనుడు. ఎకరమున్నర చెఱకునకు గానుగ కొని, ఏడాదిలో ఎక్కువ నెలలు గోనెపట్టాలు కప్పి ఉంచినవారిని మేమెఱుగుదుము. ఇరుగుపొరుగుల చెఱకు ఆడించి అప్పు తీర్తుమందురు; వారి చెఱకును మీ చెఱకు పండినప్పుడే పండును గదా!

బాడుగకు తెచ్చిన గానుగనే యజమాని అమ్మజూపినచో, రోలర్ల గాట్లు అరిగినవో లేదో మోటారు ఆపిన తరువాత చూడుడు. చెల్లించిన బాడుగను ధరలో తగ్గించునేమో మొదటనే అడిగి, ఒప్పుకొన్నచో కాగితముపై వ్రాయించుకొనుడు.