తొలి గురువు పేరు ఎక్కడ రాస్తారు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజినీరును కదా అని నన్ను చదువు, ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. అవి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను కుస్తీ నేర్పే గురువు గురించి మాట్లాడతాను. ఎందుకో చివర్లో చెప్తాను.

మన వైపు జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, పొద్దుగూకే వేళకు పెద్ద పహిల్వాన్ల వెండి కడెం దాకా పోతుంది. బోధన్ దగ్గర హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాటకు ముందు కుస్తీలు పడతారు. మహారాష్ట్ర నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. ఎవరి వీపు మట్టికి తగిలితే వాడు ఓడినట్టు. అంతకు మించి లెక్క లేదు.

మా తరగతిలో ఒకడు ఆ మట్టిలో ఓటమి ఎరగడు. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా పోటీలకు పోయాడు. మేం నలుగురం వెంట పోయాం. అక్కడ మట్టి లేదు, మ్యాట్ ఉంది. ఈల మోగింది. రెఫరీ ఎదుటివాడి చెయ్యి ఎత్తాడు. మావాడు కదలకుండా నిలబడి, "నా వీపు కిందికి తగల్లేదు కద సార్" అన్నాడు. పాయింట్ల మీద ఓడాడని మాకెవరికీ తెలియలేదు. మళ్లీ వాడు మ్యాట్ ఎక్కలేదు.

వాడికి బలం తక్కువై కాదు, లెక్క చెప్పినవాళ్లు లేక. ఇప్పటి ఫ్రీస్టైల్ కుస్తీలో ఎదుటివాణ్ణి కిందికి దించి పట్టు సాధిస్తే 2 పాయింట్లు. వలయం దాటి అడుగు పెడితే ఎదుటివాడికి 1. పెద్ద ఎత్తు వేస్తే 4, ఒక్కోసారి 5. తేడా 10కి చేరితే ఆట అక్కడితో ముగుస్తుంది. పెద్దల పోటీల్లో 3 నిమిషాల చొప్పున రెండు విడతలు, మధ్యలో 30 సెకన్ల విరామం. వీపు నేలకు ఆనించి గెలవడం అందులోనూ ఉంది. కానీ దానికోసమే కాచుకుని కూర్చుంటే కాలం అయిపోతుంది.

ఈ కష్టం మావాడొక్కడిది కాదు. కొల్హాపూర్‌లోని రాజారాం కాలేజీ విద్యార్థి ఖాశాబా జాధవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు మ్యాట్ కుస్తీకి అలవాటు లేనివాడే. అయినా ఆరో స్థానంలో నిలిచాడు. 1952లో హెల్సింకీలో కాంస్యం గెలిచాడు. స్వతంత్ర భారతానికి అది తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. ఆయనకు తొలి గురువు కన్నతండ్రే. తర్వాత బాబూరావు బలావ్డే, బేలాపురి గురూజీ నేర్పారు. హెల్సింకీ వెళ్లడానికి డబ్బు లేకపోతే ప్రిన్సిపల్ ఖర్డేకర్ తన ఇల్లు కుదువపెట్టి 7,000 రూపాయలు ఇచ్చారు. పతకం మీద వీళ్లెవరి పేర్లూ లేవు.

అంత దూరం ఎందుకు? ఇందల్వాయి స్టేషన్‌లో రైలెక్కితే మన నిజామాబాదే ఉంది. అక్కడి బాక్సింగ్ కోచ్ మహమ్మద్ సంసాముద్దీన్ గారిని చూడండి. కుస్తీ కాకపోయినా గురువు పని ఒకటే. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్‌వెల్త్ క్రీడల్లోనూ, 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు తెచ్చాడు. పరుగు పందేల కోసం మైదానానికి వచ్చే నిఖత్ జరీన్ అనే అమ్మాయి, బాక్సింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు లేరని తండ్రిని అడిగింది. సంసాముద్దీన్ గారు ఆమెను చేర్చుకుని, మగపిల్లలతో సమానంగా నేర్పారు. తర్వాత ఆమె విశాఖపట్నంలోని సాయ్ కేంద్రంలో ఐ.వి.రావు గారి దగ్గర చేరింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత.

ఇక్కడ నాకు అర్థమైంది ఒక్కటే. బడి గురువు పని పిల్లను చివరిదాకా తన దగ్గరే ఉంచుకోవడం కాదు. గుర్తుపట్టాలి, తొలి పట్టు తప్పు లేకుండా నేర్పాలి, సమయం రాగానే తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లకు అప్పగించాలి. మూడోది అన్నిటికన్నా కష్టం. మన జాతరల్లో ఉస్తాదులకు కొదవ లేదు. ఆ మట్టికీ మ్యాట్‌కూ మధ్య దారి చూపే మనిషే లేడు.

ఇప్పుడు అసలు మాట. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు తోరణం కట్టాలని మనలో చాలామంది కోరిక. దాని డ్రాయింగ్ నన్నే గీయమన్నారు. గీశాను కూడా. కానీ ఆ డబ్బుతో రేకుల షెడ్డు వేసి, ఒక మ్యాట్ పరుద్దామని నా మనవి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల శిక్షణ కోర్సు ఉంది. మన పీఈటీ సారును దానికి పంపుదాం. ఖర్చు మనం భరిద్దాం. ఆడపిల్లలకు మొదటి రోజు నుంచే చోటు ఉండాలి. పోటీలకు వెళ్లే పిల్లల ప్రయాణ ఖర్చులకు కొంత సొమ్ము విడిగా ఉంచుదాం, ఏ సారూ ఇల్లు కుదువపెట్టే అవసరం రాకుండా.

తోరణం రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది, మ్యాట్ ఎవరికీ కనిపించదు అంటారేమో. నిజమే. కానీ ఆనాడు అలా నిలబడిపోయిన నా మిత్రుడు, పిల్లలకు పొద్దున పూట కసరత్తు చేయిస్తానని నిన్న రాత్రే ఒప్పుకున్నాడు. మ్యాట్ లెక్కలు మాత్రం సారే చెప్పాలన్నాడు.

డ్రాయింగ్ నా సంచిలోనే ఉంది. ఏది కట్టాలో మీరే చెప్పండి. సెలవు.